ఒకరి మగ్గం, మరొకరి నేత: ఫ్రీడ్రిక్ చెర్హా
(ఉగాది సభలో చేసిన ఉపన్యాస పాఠము)



ఉగాదినాడు సంగీతాన్ని గురించి మాట్లాడమన్నప్పుడు త్యాగరాజస్వామినో క్షేత్రయ్యనో తలుచుకోవటం మన ఆచారం. నేను ఆ త్రోవ విడిచి ఆస్ట్రియా దేశపు స్వరకర్త నొకరిని మీ ముందుకు తీసుకొని వస్తానని కార్యదర్శిగారికి చెప్పగా, ఆయన "పిల్లల నాట్యానికి ముందా, తరువాతనా?" అని మాత్రం అడిగినారు. ముందే అని ఒప్పుకొన్నాను. కాబట్టి త్వరగా ముగించవలసిన బాధ్యత నామీద ఉన్నది. నేను మెట్రిక్ ప్యాసై రైల్వేలో గుమాస్తాగా పనిచేస్తున్నవాణ్ణి. జర్మను భాష రాదు, పియానో వాయించటమూ రాదు. రాత్రి డ్యూటీ దిగివచ్చి నిద్రపట్టని వేళల్లో సెల్‌ఫోనులో విన్నదీ, చదివినదీ నా పెట్టుబడి.

అయినా ఈ మనిషి కథ మన షోలాపూరు తెలుగువారికి చెప్పదగినదని నాకు తోచింది. ఎందువల్లనంటే దీనిలో ఒక నేతపని ఉన్నది. ఒకరు మగ్గం మీద సగంలో వదలి కన్నుమూసిన బట్టను మరొకరు పన్నెండేళ్ళు కూర్చుండి పూర్తి చేసిన కథ ఇది. మన తాతలు పడుగు పేకలతో పొట్టపోసుకొన్నవారు. అందులోని కష్టం నాకంటె మీకే బాగా తెలుసును.

ఆయన పేరు ఫ్రీడ్రిక్ చెర్హా. 1926 ఫిబ్రవరి 17వ తేదీన వియన్నా నగరంలో పుట్టినారు. చిన్నతనాననే ఫిడేలు పట్టినారు. ఆయనకు పన్నెండేళ్ళు వచ్చిన సంవత్సరం, అనగా 1938లో, హిట్లరు ఆస్ట్రియాను తన రాజ్యంలో కలుపుకొన్నాడు. పదిహేడో యేట, 1943లో, ఈ పిల్లవాణ్ణి బడి నుంచి లాగి విమానాలను కూల్చే ఫిరంగుల దగ్గర సహాయకుడుగా నియమించినారు. మరుసటి సంవత్సరం, అప్పటికి జర్మనుల ఆక్రమణలో ఉన్న డెన్మార్కుకు, సైనికాధికారి శిక్షణకు పంపినారు.

ఇక్కడ జరిగిన సంగతి నాకు, నా ఉద్యోగం మూలాన కాబోలు, మిక్కిలి నచ్చింది. ఆయన అక్కడి కార్యాలయం నుంచి సంతకాలు పెట్టి ఖాళీగా ఉంచిన ప్రయాణపు ఉత్తరువులను దొంగిలించినారు. మా బుకింగు కిటికీ వద్ద సిపాయిలు చూపించి టిక్కెట్టు తీసుకొనే వారంటువంటి వన్నమాట అవి. ఊరి పేరు మనమే నింపుకోవచ్చును! ఆ కాగితాల బలంతో సైన్యం నుంచి తప్పించుకొని కొంతకాలం తిరిగినారు. పట్టుబడితే కాల్చివేసే రోజులవి. తరువాత ఒకమారు మళ్ళీ సైనికదళంలో చేరక తప్పలేదు. రెండవమారు కూడా పారిపోయినారు. జర్మనీలోని గోటింగెన్ నుంచి తురింగియా అడవుల మీదుగా కాలినడకన టిరోల్ కొండలకు చేరుకొన్నారు. యుద్ధం ముగిసిన తరువాత కూడా కొన్ని నెలలు ఆ కొండల్లోనే ఏకాంతంగా గడిపి, 1945 నవంబరులో వియన్నాకు తిరిగి వచ్చినారు.

పరప్రభుత్వం చేతిలో పెట్టిన తుపాకిని రెండుమార్లు పారవేసిన మనిషి ఇతడని గుర్తుంచుకొనండి. తరువాత చెప్పబోయే సంగతికి ఇది అవసరం.

తిరిగి వచ్చి సంగీత అకాడమీలో ఫిడేలు, స్వరరచన నేర్చుకొన్నారు. విశ్వవిద్యాలయంలో సంగీతశాస్త్రం, జర్మను సాహిత్యం, తత్త్వశాస్త్రం చదివి 1950లో డాక్టరు పట్టం పొందినారు. 1952లో గెర్ట్రౌడ్ అనే సంగీత విదుషిని పెండ్లాడినారు. ఆమె పేరు ముందుముందు మళ్ళీ వస్తుంది.

ఆ కాలపు వియన్నాలో ఒక విచిత్రమైన పరిస్థితి ఉండేది. ఇరవయ్యో శతాబ్దపు మొదటి భాగంలో ఐరోపా సంగీతాన్ని తలక్రిందులు చేసిన షోన్‌బెర్గ్, ఆయన శిష్యులు బెర్గ్, వెబెర్న్, ఈ ముగ్గురూ వియన్నావారే. వారు చేసినదేమిటో మన పరిభాషలో చెప్పటం సులభం. మనకు పన్నెండు స్వరస్థానా లున్నవి గదా. అందులో షడ్జమం ఇల్లు. ఎంత దూరం తిరిగినా అక్కడికే వచ్చి చేరుతాము. తంబురా ఆ ఇంటి దీపంవలె వెనుక వెలుగుతూనే ఉంటుంది. షోన్‌బెర్గ్ ఏమన్నాడంటే, పన్నెండు స్థానాలూ సమానమే, దేనికీ పెద్దరికం లేదు, పన్నెండింటినీ ఒక వరుసలో కూర్చి ఆ వరుసనే తిరగవేసి, బోర్లవేసి పాట కట్టవచ్చును అన్నాడు. అది ఇల్లులేని సంగీతం. మొదటిమారు విన్నప్పుడు నాకు ఊరుగాని ఊరిలో ప్లాట్‌ఫారం మీద దిగినట్లనిపించింది. పదిమార్లు విన్న తరువాత ఆ ఊరిలోనూ వీధులున్నవని తెలిసింది.

నాజీలు ఈ సంగీతాన్ని భ్రష్టసంగీతమని నిషేధించినారు. యూదుడైన షోన్‌బెర్గ్ అమెరికా చేరినాడు. నిషేధం 1945తో పోయింది గాని, అలవాటు పోలేదు. తమ ఊరిలో పుట్టిన సంగీతం తమ ఊరివారికే పరాయిదిగా మిగిలిపోయింది. చెర్హా, కుర్ట్ ష్వెర్త్‌సిక్ అనే మిత్రుడు కలసి 1958లో "దీ రైయె" అనే వాద్యబృందాన్ని స్థాపించినది ఈ లోటు తీర్చటానికే. రైయె అంటే వరుస. ఆ పన్నెండు స్వరాల వరుస పేరే బృందానికి పెట్టినారన్నమాట. చెర్హా కండక్టరు. కండక్టరంటే టిక్కెట్లు ఇచ్చేవాడు కాదు, చేతిలో చిన్న కర్ర పట్టుకొని బృందాన్ని నడిపించేవాడు. గెర్ట్రౌడ్ అమ్మగారు బృందంలో వాయించేవారు, దాని పనులు కూడా చూచుకొనేవారు. సంఘం నడపటమంటే కుర్చీలు వేయించటం దగ్గరనుంచి ఎవరో ఒకరు చూచుకోవలసినదే. అది ఇక్కడున్న కార్యవర్గ సభ్యులకు నేను చెప్పనక్కరలేదు.

స్వంత రచన కూడా ఆ రోజుల్లోనే గొప్పగా సాగింది. 1960, 61 సంవత్సరాలలో ఆయన "అద్దాలు" అనే ఏడు భాగాల రచన చేసినారు. జర్మనులో "ష్పీగెల్" అంటారు. పెద్ద వాద్యబృందం కోసం రాసినది, కొన్ని భాగాలలో టేపు మీద పట్టిన శబ్దం కూడా కలుస్తుంది. దీనిలో పాడుకొనే వరస వెదికితే దొరకదు. శబ్దం మేఘంలాగా కమ్ముకొంటుంది, చిక్కబడుతుంది, విచ్చిపోతుంది. రెండవ అద్దంలో ఉన్నవన్నీ తీగవాద్యాలే, 55. ఒక్కొక్కరిది ఒక్కొక్క దారి. యాభై అయిదుగురూ ఒకే పాట వాయించటం కాదు, యాభై అయిదు దారాలు కలిసి ఒక గుడ్డ అవటం. హంగరీ నుంచి 1956లో పారిపోయి వియన్నా చేరిన లిగెటీ అనే మహా స్వరకర్త కూడా సరిగా ఆ సంవత్సరాలలోనే ఇట్టి రచనే చేస్తున్నాడు. ఇద్దరిలో ఎవరూ ఎవరినీ చూచి రాసినది కాదు. లిగెటీ రచన 1961లోనే వినిపించి పేరుకెక్కింది. చెర్హా అద్దాలు ఏడూ కలిపి వినపడటానికి 1972 వరకు ఆగవలసి వచ్చింది. అసూయపడి ఉంటారా? తెలియదుగాని, 1970లో లిగెటీ కచ్చేరీ రచన నొకదానిని మొదట వాయించి వినిపించినది చెర్హాగారి బృందమే.

ఇప్పుడు నేత సంగతికి వస్తాను.

ఆల్బన్ బెర్గ్ అని చెప్పినాను గదా. ఆయన "లులు" అనే ఆపెరా రాస్తూ ఉండేవాడు. ఆపెరా అంటే మాటలన్నీ పాటగానే సాగే నాటకం. వేడెకిండ్ అనే జర్మను రచయిత నాటకాలు రెండు దానికి ఆధారం. లులు అనే స్త్రీ చుట్టూ తిరిగిన మగవారంతా ఒకరి తరువాత ఒకరు నాశనమైపోతారు. కడపటి అంకంలో ఆమె లండనులో వీధిన పడి హంతకుని చేతిలో చనిపోతుంది. పిల్లలముందు ఇంతకంటె వివరించను. కాని కథ కట్టిన తీరు మాత్రం చెప్పితీరాలి. మొదటి సగంలో ఆమె వల్ల చచ్చిన ముగ్గురి పాత్రలు వేసిన గాయకులే చివరి దృశ్యంలో ఆమె వద్దకు వచ్చే ముగ్గురు విటులుగా తిరిగి వస్తారు. నాటకం సరిగ్గా మధ్యలో మడత పడుతుంది. ఎక్కిన మెట్లన్నీ మళ్ళీ దిగటమే రెండవ సగం. మూడవ అంకం లేకపోతే ఖాతాలో ఖర్చు వ్రాసి జమ వ్రాయనట్లే.

బెర్గ్ 1935లో ఈ పని ఆపి, చనిపోయిన ఒక పడుచుపిల్ల స్మృతికోసం ఫిడేలు రచన ఒకటి చేసినాడు. అది ముగించినాడు. తరువాత రక్తం విషమై, ఆ డిసెంబరు 24న యాభయ్యో యేట పోయినాడు. లులు రెండంకాలు పూర్తి. మూడవ అంకం మొత్తం 1326 బార్లు. బారంటే మన ఆవర్తంవంటిది. ఆ అంకమంతా క్లుప్తంగా వ్రాసి పెట్టినాడుగాని, ఏ వాద్యం ఏ స్వరం పలకాలో పూర్తిగా పంచి వ్రాసినవి మొదటి 268 బార్లు మాత్రమే. ఇవికాక, అంతకుముందే వేరుగా కచ్చేరీకోసం తయారు చేసిన రెండు భాగాలు కలవు. మన భాషలో చెప్పాలంటే పడుగు సాంతం తోడి ఉన్నది. పేక కొంతమేర పడింది. మిగిలినచోట ఏ రంగు నూలో అక్కడక్కడ గుర్తులు వేసి ఉన్నవి. అక్కడక్కడ దారం తెగి ఉన్నది కూడా.

బెర్గ్ భార్య హెలెనె అమ్మగారు మొదట భర్త గురువైన షోన్‌బెర్గ్‌నే పూర్తి చేయమని అడిగినారు. ఆయన సరేనని, కాగితాలు చూచిన తరువాత అనుకొన్నదానికంటె పని చాలా ఉన్నదని విరమించుకొన్నారు. వెబెర్న్, త్సెమ్లిన్‌స్కీ కూడా పూనుకోలేదు. 1937లో జూరిచ్ నగరంలో రెండంకాలే ఆడి, చివర కచ్చేరీ భాగాలు వాయించి తెర దించినారు. అప్పటినుంచి అదే వాడుకైంది. కాలక్రమాన హెలెనె అమ్మగారి మనస్సు మారిపోయింది. ఇంత గొప్పవారే చేయనిది ఇంకెవరూ చేయరాదన్నారు. పోయిన భర్తతో తాను మాట్లాడుతూనే ఉన్నానని నమ్మినారు. ఆ కాగితాలను ఎవరూ చూడనైనా కూడదని వీలునామాలో వ్రాసిపెట్టినారు.

1962లో వియన్నాలో లులు రెండంకాలూ ఆడినారు. అది చూచిన చెర్హాకు సగంలో తెగిన సంగతి కంటిలో నలుసై, ప్రచురణకర్తలైన యూనివర్సల్ ఎడిషన్ వారి వద్దకు వెళ్ళి మూడవ అంకపు కాగితాలు చూచినారు. చూచి, ఇది పూర్తి చేయవచ్చునని తేల్చుకొన్నారు. అమెరికాలో జార్జి పెర్ల్ అనే పండితుడు కూడా ఆ కాగితాలు చూచి అదే మాట గట్టిగా వ్రాసినాడు. అంతే, 1962 నుంచి 1974 వరకు పన్నెండేళ్ళు చెర్హా ఆ పనిలో ఉన్నారు. హెలెనె అమ్మగారు అదే ఊరిలో బ్రతికి ఉన్నారు గనుక పని రహస్యంగా జరిగింది. బృందం నడుపుతూ, అకాడమీలో పాఠాలు చెబుతూ, తన అద్దాలు తనవంతు కోసం ఎదురుచూస్తూ ఉండగా, మరొకరి స్వరాలకు రంగు నూలు వెదుక్కొంటూ పన్నెండేళ్ళు!

ఆయన పద్ధతి చెప్పవలెను. మూడవ అంకంలోని సంగతులు చాలావరకు మొదటి రెండంకాలలోనివే తిరిగి వస్తవి. కనుక బెర్గ్ అక్కడ ఏ వాద్యానికి ఇచ్చినాడో, ఎందుకిచ్చినాడో పట్టి ఇక్కడ నింపినారు. ఏమీ వ్రాయనిచోట్ల మాత్రమే స్వంతంగా కల్పించినారు, అవి బహు కొద్ది. తరువాత 1979లో, తాను ఎక్కడ ఏమి చేర్చినదీ, ఏ ఆధారంతో చేర్చినదీ ఒక నివేదికగా అచ్చువేయించినారు. ఆడిటుకు సిద్ధంగా ఉంచిన రిజిస్టరన్నమాట.

ఇక్కడ మన ఎఱ్ఱన గుర్తుకు రావటం సహజం. నన్నయ అరణ్యపర్వంలో వదలినచోటును అందుకొని, పూర్తిచేసి, నన్నయ కాలపు రాజరాజనరేంద్రునికే అంకితమిచ్చినాడు. తన పేరు వెనుకకు పెట్టి, అతుకు కనపడకుండా కుట్టటం ఎఱ్ఱన మర్యాద. చెర్హా కూడా అతుకు వినపడకుండా కుట్టినారు. కాని, ఎక్కడెక్కడ కుట్టినదీ పట్టిక వ్రాసి ఇచ్చినారు. రెండూ గొప్పవే. ఏది ఎక్కువో మన సంఘంలోని సాహిత్యపరులు తేల్చవలసినది.

సరే. ఇంతకూ ఆయన చేసినది న్యాయమేనా? ఈ ప్రశ్న నేను దాటవేయదలచలేదు. ఇంట్లో ఈ కథ చెప్పినప్పుడు మా అమ్మ, "పెనిమిటి చేతివ్రాత ఎవరినీ ముట్టవద్దంటే ముట్టటమేమిటి?" అన్నది. ఆ మాట తేలికగా తీసివేయదగినది కాదు. నలభై యేండ్లు విధవరాలై, పోయిన మనిషి కాగితాలే మనిషిగా భావించి బ్రతికిన ఆమెను నేను తప్పుపట్టను. ఆమెకు తెలియకుండా చేసిన పని అన్నది ముల్లువలె గుచ్చుకొంటూనే ఉన్నది.

అయినప్పటికీ నా ఓటు చెర్హాకే. బెర్గ్ ఆ కాగితాలను కాల్చమని చెప్పలేదు. చివరిదాకా వ్రాసి పెట్టినవాడు వినపడవలెననే వ్రాసి ఉంటాడు. ఇల్లాలికి కాగితాలమీద హక్కున్నది, పాటమీద అంత హక్కున్నదా అన్నది నా సందేహం. మరొకటి. చెర్హా ఆమె బ్రతికి ఉండగా దానిని రచ్చకెక్కించలేదు. పని 1974లో ముగిసింది, ఆమె 1976 ఆగస్టులో కన్నుమూసినారు, ప్రదర్శన 1979లో జరిగింది. సైన్యం ఉత్తరువు తప్పని తోచినప్పుడు ప్రాణానికి తెగించి ధిక్కరించినవాడు, ఒక ముసలమ్మ ఆజ్ఞను ధిక్కరించినా ఆమె మనస్సు నొప్పించకుండా నోరు మూసుకొని కూర్చున్నాడు. ఇది నేను చెప్పుకొన్న సమాధానం. మా అమ్మ ఒప్పుకోలేదు.

1979 ఫిబ్రవరి 24న పారిస్ ఆపెరాలో మూడంకాల లులు మొట్టమొదట ఆడింది. కండక్టరు పియేర్ బూలేజ్, నాటక దర్శకుడు పత్రీస్ షెరో, లులుగా పాడినది తెరెసా స్ట్రాటాస్. బెర్గ్ పోయిన 43 యేళ్ళకు మెట్లు ఎక్కటమూ దిగటమూ రెండూ వినబడినవి. అప్పటినుంచి ప్రపంచంలోని ఆపెరా శాలలన్నీ చాలావరకు ఆ ప్రతినే ఆడుతూ వచ్చినవి. తరువాత మరికొందరు కూడా మూడవ అంకాన్ని తమ తీరున పూర్తి చేసినారు. వారిలో ఎబెర్‌హార్డ్ క్లోకె ప్రతి 2010లో కోపెన్‌హాగెన్‌లో ఆడినది. ఒకరు తలుపు తెరిచిన తరువాత మరొకరు లోపలికి రావటం సుళువే.

ఇందులో నష్టం లేకపోలేదు. చెర్హా అనగానే "లులును పూర్తిచేసినాయన" అనటం లోకానికి అలవాటైంది. స్వంత రచనలకు రావలసిన పేరు ఆలస్యంగా వచ్చింది. కాని లాభమూ ఉన్నది. ఆ పని ముగించిన సంవత్సరమే, 1974లో, తన స్వంత ఆపెరా "బాల్" మొదలుపెట్టినారు. బ్రెఖ్ట్ నాటకం దానికి ఆధారం. 1981లో సాల్జ్‌బర్గ్ ఉత్సవంలో ప్రదర్శించినారు. మరొక ఆపెరా 2002లో వియన్నా ప్రభుత్వ ఆపెరాలో ఆడిన "ష్టైన్‌ఫెల్డ్ రాక్షసుడు". రాక్షసుడంటే చెడ్డవాడు కాదు, పందొమ్మిదో శతాబ్దంలో ఆస్ట్రియా పల్లెలో నిజంగా పుట్టిన ఒక ఆజానుబాహుడు. పొడవు తప్ప మరే నేరమూ లేని ఆ అమాయకుణ్ణి ఊరూరా తిప్పి, చూపించి డబ్బు చేసుకొన్నారు. ఆ కథకు తురిని అనే రచయిత మాటలు వ్రాసినాడు.

నాకు వ్యక్తిగతంగా ప్రీతి అయినవి "కైన్‌టాటె" అనే పాటలు. ఎర్న్‌స్ట్ కైన్ అనే కవి వియన్నా వీధులలోని యాసలోనే వ్రాసిన చిన్న చిన్న మాటలకు 1980ల్లో చెర్హా కట్టిన వరుసలివి. పన్నెండు స్వరాల వరుసలు, యాభై అయిదు దారాలు, అన్నీ నేర్చిన పండితుడు అరవయ్యో యేటికి చేరువై తిరిగి తన వీధి యాసకు వచ్చినాడు. మన ఇళ్ళలో మూడు నాలుగు తరాల క్రిందట తెచ్చుకొన్న తెలుగు ఇప్పటికీ మాట్లాడుతాము. ఊరినుంచి వచ్చిన చుట్టాలు మరాఠీ కలిసిందని నవ్వుతారు. అందుకే కాబోలు, మాట అర్థంకాకపోయినా ఆ పాటల్లోని వంకర నాకు సొంతంగా వినిపించింది.

వయస్సు ఆయనను ఆపలేదు. 83వ యేట, 2009లో, మార్టిన్ గ్రూబింగెర్ అనే యువకుని కోసం వ్రాసిన తాళవాద్య రచనను సాల్జ్‌బర్గ్‌లో మొదట వినిపించినారు. ఒక్క మనిషి డోళ్ళ మధ్య, కంచు పలకల మధ్య, కట్టె పలకల మధ్య పరుగెత్తుతూ వాయించాలి. వాయించేవాడు ఇరవై ఆరేళ్ళ పిల్లవాడు, వ్రాసినవాడు ముత్తాత వయస్సువాడు. 2012లో సంగీతలోకంలో మహా గౌరవమైన ఎర్న్‌స్ట్ ఫాన్ జీమెన్స్ బహుమానం వచ్చింది. 2023 ఫిబ్రవరి 14న వియన్నాలోనే పోయినారు. ఇంకొక మూడు రోజులుంటే తొంభై ఏడు నిండేవి.

సభ ముగిసిన తరువాత వినదలచినవారెవరైనా ఉంటే, ముందుగా లులు జోలికి పోవద్దని నా సలహా. మూడు గంటల పైమాట, ఓపిక ఉండాలి. రెండవ అద్దం పెట్టండి. దీపం తగ్గించి, మాట్లాడకుండా, ఆ 55 తీగలు ఎప్పుడు విడివిడిగా ఉన్నవో, ఎప్పుడు ఒక్కటైనవో కనిపెట్టటానికి ప్రయత్నించండి. మా పెద్దవాడు, ఐదో తరగతి, దీనిని విని "రైలు దూరంనుంచి వస్తున్నది, కాని రావటం లేదు" అన్నాడు. అంతకంటె బాగా నేను చెప్పలేను.

ఎఱ్ఱన సంగతి మీద వాదించదలచిన పెద్దలు భోజనాల దగ్గర నన్ను పట్టుకొనవచ్చును. గజ్జెలు కట్టుకొన్న పిల్లలు తెరవెనుకనుంచి తొంగి చూస్తున్నారు. కార్యదర్శిగారు గడియారం చూపిస్తున్నారు.